మేరీ రోజ్ మ్యూజియానికి గంట చాలదు: ముందుగా ఒక మనిషిని ఎంచుకుని వెళ్లండి

నమస్కారం. మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ఇంగ్లండ్ ప్రయాణంలో ఒక రోజు పోర్ట్స్‌మౌత్‌కు కేటాయించారు. పదమూడేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మీ మామగారు వెంట వస్తున్నారు. సముద్రంలో మునిగి, మళ్లీ పైకి తెచ్చిన పాత ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌ను ఉంచిన అక్కడి మ్యూజియంలో ఉన్నది సగం ఓడే కదా, గంట సరిపోతుందా, మిగతాదంతా తెరలూ ఆటలేనా, అస్థిపంజరాలు చూసి బాబు భయపడతాడా అని అడిగారు. స్టాక్‌హోంలో వాసా ఓడను నిండుగా చూశాక ఈ సగం ఓడ వెలితిగా అనిపిస్తుందేమోనన్నదే మీ అసలు సందేహమని అనుకుంటున్నాను.

నా వృత్తి నీటిలో నానిన పాత కొయ్యను కాపాడటం. ఈ మ్యూజియానికి పని మీద కొన్నిసార్లు, ఇంటికి వచ్చిన చుట్టాలతో చాలాసార్లు వెళ్లాను. గంట చాలదు. రెండున్నర గంటలు పెట్టుకోండి, మూడైతే ఇంకా మంచిది. అయితే ఎంతసేపు ఉన్నారన్న దానికంటే లోపల ఎలా నడిచారన్నదే ముఖ్యం. మొదటిసారి నేను మా అన్నయ్య పిల్లలతో వెళ్లినప్పుడు వాళ్లు ఒక తెర నుంచి ఇంకో తెరకు పరిగెత్తారు, నేను వాళ్ల వెనక పరిగెత్తాను. బయటికి వచ్చాక ఏం చూశారని అడిగితే విల్లు లాగామని మాత్రం చెప్పారు. ఆ రోజు ఎంత పోగొట్టుకున్నామో రెండోసారి ఒంటరిగా వెళ్లినప్పుడు తెలిసింది. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు సగం ఓడ సంగతి చూద్దాం. వాసా 1628లో తొలి ప్రయాణంలోనే మునిగి, 1961లో దాదాపు పూర్తిగా పైకి వచ్చింది. అది మునిగిన బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ. కొయ్యను తొలిచి తినే ఓడపురుగు ఆ నీటిలో బతకలేదు. మేరీ రోజ్ మునిగింది ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సోలెంట్ జలసంధిలో. అక్కడ ఓడపురుగూ ఉంది, బలమైన ప్రవాహాలూ ఉన్నాయి. ఓడ కుడి పక్కకు ఒరిగి అడుగున పడింది. ఆ కుడి పక్క మెత్తని ఒండ్రులో కూరుకుపోయింది. ఒండ్రు పైన నీటిలో బయటికి మిగిలిన ఎడమ పక్కను ప్రవాహాలు అరగదీశాయి, పురుగులు తొలిచేశాయి, చివరికి అది కూలిపోయింది. ఒండ్రు కింద గాలి సోకని చోట ఉన్న కుడి పక్క మాత్రం నాలుగు శతాబ్దాలకు పైగా నిలిచింది.

కాబట్టి మీరు చూడబోయేది పొడవునా నిలువుగా కోసినట్టున్న ఓడ. వాసాలో బయట నిలబడి చెక్కడాలు చూస్తారు. ఇక్కడ ఓడ కడుపు లోపలికే చూస్తారు. అంతస్తులు, దూలాలు, మెట్ల దారులు, ఫిరంగులు పెట్టిన చోట్లు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఇల్లు కట్టేటప్పుడు గోడ లేని వైపు నుంచి చూస్తే గదులన్నీ కనిపిస్తాయి కదా, అలాగే. నా మటుకు నాకు ఓడలో మనుషులు ఎలా బతికారో తెలియాలంటే నిండు ఓడకన్నా ఈ సగం ఓడే ఎక్కువ చెబుతుంది.

కథ క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే లోపల చీకటిలో పలకలు చదువుతూ నిలబడితే సగం సమయం దానికే పోతుంది. ఎనిమిదో హెన్రీ రాజు కోసం ఈ ఓడను 1510, 1511 సంవత్సరాల్లో పోర్ట్స్‌మౌత్‌లోనే కట్టారు. ముప్పై నాలుగేళ్లు పనిచేసింది. 1545 జూలై 19న ఫ్రెంచి నౌకాదళంతో పోరు జరుగుతుండగా తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. రాజు సౌత్‌సీ కోట దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఓడలో దాదాపు 500 మంది ఉన్నారు. బతికి బయటపడినవారు 35 మంది లోపే. శత్రువులు ఓడలోకి దూకకుండా పై అంతస్తు మీద వలలు బిగించి ఉంచారు. ఓడ ఒరిగినప్పుడు లోపలివాళ్లు బయటికి రాకుండా అడ్డుపడింది ఆ వలలే.

ఎందుకు మునిగింది అంటే ఒక్క మాటలో తేల్చలేం. బతికి బయటపడిన ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం ప్రాంతం) వాడొకడు చెప్పిన మాట ఆనాటి రాయబారి ఉత్తరంలో మిగిలింది. ఒక పక్క ఫిరంగులు పేల్చి, రెండో పక్క పేల్చడానికి ఓడ తిరుగుతుండగా గాలి బలంగా తోసిందనీ, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు లోపలికి దూకాయనీ అతను చెప్పాడు. ఫ్రెంచివారు మాత్రం తమ గుండ్లే ముంచాయని చెప్పుకున్నారు. ఓడలో తన మాట వినని మనుషులు ఉన్నారని నాయకుడు జార్జ్ కారూ అన్నట్టు కూడా ఒక కథనం ఉంది. పాతబడ్డాక ఓడను పెంచి మరిన్ని ఫిరంగులు ఎక్కించడంతో బరువు పెరిగిన మాట నిజం. నన్ను అడిగితే, బరువు, గాలి, మూయని కిటికీలు మూడూ ఆ ఒక్క మలుపులో కలిశాయంటాను. మ్యూజియం కూడా ఏ ఒక్కదాన్నీ మీ మీద రుద్దదు. మీ అమ్మాయి వయసు పిల్లలకు ఇది మంచి చర్చ. ఓడను చూడకముందు ఒకసారి, చూశాక ఒకసారి ఆమె అభిప్రాయం అడగండి.

ఇప్పుడు అసలు సలహా. లోపలికి వెళ్లేముందు మీ నలుగురూ తలా ఒక మనిషిని ఎంచుకోండి. వడ్రంగి, వంటవాడు, విలుకాడు, వైద్యుడు. ఆ మ్యూజియం కట్టిన తీరే ఇందుకు తగ్గట్టు ఉంది. మీరు నడిచే దారికి ఒక పక్కన అద్దాల వెనక అసలు ఓడ ఉంటుంది. రెండో పక్కన, పోయిన ఎడమ సగం ఎలా ఉండేదో ఆ ఆకారంలో మళ్లీ కట్టారు. ఓడలో ఏ అంతస్తులో ఏ వస్తువు దొరికిందో, ఇటు పక్క అదే అంతస్తులో అలాంటి చోటే పెట్టారు. తల ఇటు తిప్పితే వస్తువు, అటు తిప్పితే అది దొరికిన చోటు. సముద్రం నుంచి పైకి తెచ్చిన వస్తువులు దాదాపు 19 వేలు. అన్నీ చూడాలనుకుంటే ఏదీ గుర్తుండదు. ఒక మనిషి సామానును వెతుక్కుంటూ వెళ్తే ఆ వేల వస్తువులూ వాటంతట అవే ఒక వరసలో పడతాయి. ఓడ రెండు కొనల వైపు ఉన్న గదుల్లో ఈ మనుషుల సామాన్లను ఒక్కొక్కరివిగా అమర్చారు. కొందరి పుర్రెల ఆధారంగా తిరిగి రూపొందించిన ముఖాలూ ఉన్నాయి. వారిలో ఎక్కువమంది పేర్లు మనకు తెలియవు, వృత్తి మాత్రం తెలుసు.

నేను ప్రతిసారీ వడ్రంగి దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతాను. అతని పనిముట్లను చూసేటప్పుడు ఒక విషయం గమనించండి. చాలావాటికి పిడి మాత్రమే ఉంటుంది, అలుగు ఉండదు. ఉప్పునీటిలో ఇనుము కరిగిపోయింది, ఒండ్రులో కొయ్య నిలిచింది. ఇనుము శాశ్వతం, కొయ్య పుచ్చిపోతుంది అని అనుకుంటాం కదా, ఇక్కడ అది తిరగబడింది. చెక్కను నునుపు చేసే తోపడ ఒకదాన్ని దగ్గరగా చూడండి. అలుగు దూర్చిన చీలిక ఖాళీగా ఉంటుంది, అయితే అరచేయి ఆనే చోట కొయ్య నునుపుదేలి ఉంటుంది. ఆ నునుపు ఆ మనిషి చేతి రాపిడి వల్ల వచ్చింది. మొదటిసారి అది గమనించినప్పుడు నా చేయి నాకు తెలియకుండానే గాలిలో ఆ పిడిని పట్టుకున్నట్టు ముడుచుకుంది. మీ బాబును కూడా అలా పట్టి చూపించమనండి.

ఆ వడ్రంగి గదిలోనే పాచికలతో ఆడే ఆట పలక ఒకటి దొరికింది. గది తలుపు దగ్గర ఒక కుక్క ఎముకలు దొరికాయి. దానికి మ్యూజియం వాళ్లు హ్యాచ్ అని పేరు పెట్టారు. ఎలుకలను పట్టడానికి పెంచిన చిన్న కుక్క అది, వయసు రెండేళ్ల లోపు. డీఎన్ఏ పరీక్షలో మగదని తేలింది. దాని అస్థిపంజరాన్ని నిలబెట్టి ప్రదర్శనలో ఉంచారు. మీ బాబు భయం గురించి అడిగారు కదా, నా అనుభవంలో ఆ వయసు పిల్లలు మొదట దీని దగ్గరకే వెళ్తారు, చివరిదాకా దీని గురించే మాట్లాడతారు. అందుకే మనుషుల ఎముకలున్న చోటుకు వెళ్లేముందు హ్యాచ్‌ను చూపించండి. ఎముకలంటే ఒకప్పుడు బతికిన ప్రాణి అన్నది వాడికి అక్కడే అర్థమవుతుంది. ఆ తర్వాత విలుకాడి అస్థిపంజరాన్ని చూసినా బెదిరిపోడు, ప్రశ్నలు అడుగుతాడు.

ఆ ప్రశ్నలకు జవాబు ఆ ఎముకల్లోనే ఉంది. ఇంగ్లండ్ విలుకాళ్లు చిన్నప్పటి నుంచీ సాధన చేసేవారు. భుజం కొసన ఉండే ఎముక ముక్క సాధారణంగా యవ్వనంలో మిగతా ఎముకతో అతుక్కుపోతుంది. మేరీ రోజ్‌లో దొరికిన వారిలో చాలామందికి అది అతుక్కోలేదు. ఎదిగే వయసులో బరువైన విల్లును పదే పదే లాగడమే కారణమని నిపుణుల అంచనా. ఓడలో చెక్కుచెదరకుండా దొరికిన విల్లులు 137. బాణాలు మూడున్నర వేలకు పైగా ఉన్నాయి. ఇరవై నాలుగు కన్నాలున్న గుండ్రటి తోలు బిళ్లలు కూడా చూస్తారు. ఈకలు నలిగిపోకుండా బాణాలను ఆ కన్నాల్లో గుచ్చి మోసేవారు. కట్టకు ఇరవై నాలుగు బాణాలు. ఆ కన్నాలు లెక్కపెట్టే పని బాబుకు అప్పగించండి.

ఇక మీరు ‘ఆటలు’ అన్న వాటి సంగతి. వాటిని తీసిపారేయవద్దు, అలాగని వాటితో మొదలుపెట్టనూ వద్దు. అక్కడ సందర్శకులు లాగి చూసే విల్లు ఒకటి ఉంది. అసలు విల్లులను లాగాలంటే 45 నుంచి 80 కిలోల బరువు ఎత్తినంత బలం కావాలి. ముందు అద్దం వెనకున్న విల్లును, విలుకాడి భుజాన్ని చూసి, అప్పుడు ఆ తాడు పట్టుకుంటే పిల్లలకు తెలియకుండానే ఒక పాఠం ఒంటబడుతుంది. వరస తిరగబడితే అది వ్యాయామశాలలోని యంత్రంతో సమానం. చేత్తో తాకమని పెట్టిన నమూనా వస్తువుల విషయంలోనూ ఇదే పద్ధతి పాటించండి. అసలుది చూడటం, నకలును పట్టుకోవడం, మళ్లీ వెనక్కి వెళ్లి అసలును చూడటం. ఆ రెండో చూపులోనే కొత్త సంగతులు కనిపిస్తాయి.

మొదట్లోనే మిమ్మల్ని ఒక గదిలో నిలబెట్టి 1545 నాటి ఆ రోజును చుట్టూ బొమ్మలతో, శబ్దంతో చూపిస్తారు. చీకటి, చప్పుడు రెండూ ఎక్కువే. బాబును ముందే సిద్ధం చేసి, చేయి పట్టుకుని నిలబడండి. ఆ గది నుంచి నేరుగా ఓడ ముందుకు వస్తారు. అప్పటిదాకా ఉన్న హోరు ఒక్కసారిగా ఆగిపోతుంది, అద్దాల వెనక సన్నని వెలుగులో నల్లటి దూలాలు కనిపిస్తాయి. అక్కడ రెండు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడండి. మ్యూజియంలో ఒక్క చోటే మెచ్చుకోమంటే నేను ఈ మలుపునే మెచ్చుకుంటాను.

సముద్రం అడుగున డైవర్లు చేసిన వెతుకులాటను చూపించే ప్రత్యేక థియేటర్ కూడా ఉంది. దానికి ముందు కాస్త వెనకటి కథ తెలిస్తే చాలా బాగుంటుంది. 1836లో చేపలవాళ్ల వలలు అడుగున దేనికో తగులుకుంటుంటే, శిరస్త్రాణంతో నీటిలోకి దిగే జాన్ డీన్ వెళ్లి చూశాడు. కొన్ని ఫిరంగులు, కొయ్యలు బయటికి తెచ్చాడు. తర్వాత ఆ చోటును అందరూ మరిచిపోయారు. 1965లో అలెగ్జాండర్ మెకీ మళ్లీ వెతకడం మొదలుపెట్టాడు. సెలవు రోజుల్లో స్వచ్ఛందంగా నీటిలో దిగేవాళ్లే అతని దళం. ఆరేళ్లు గడిచాక, 1971లో ఓడ దూలాలు కంటబడ్డాయి. తవ్వకాలకు నాయకత్వం వహించిన పురావస్తు శాస్త్రవేత్త మార్గరెట్ రూల్ అప్పటిదాకా నేల మీద తవ్వకాలు చేసిన మనిషి. కింద జరిగే పనిని ఇంకొకరి మాటల్లో వినడం చాలదని తానే నీటిలోకి దిగడం నేర్చుకుంది. మీ అమ్మాయికి ఈ ఒక్క సంగతి తప్పకుండా చెప్పండి.

1982 అక్టోబరు 11న ఓడను పైకి ఎత్తారు. టీవీలో ప్రత్యక్ష ప్రసారం జరిగింది. ముందు నీటిలోనే ఓడను ఇనుప చట్రానికి తీగలతో వేలాడదీసి, దాని వంపుకు సరిపడా చేసిన ఉయ్యాల లాంటి తొట్టిలోకి దించి, మొత్తాన్ని పెద్ద క్రేనుతో లేపారు. అలా లేపుతుండగా చట్రం ఒక మూల పిన్ను ఊడి పెద్ద చప్పుడుతో కిందికి జారింది. ఓడకు పెద్ద నష్టం జరగలేదు. ఆ క్షణాన్ని నేను ఎన్నిసార్లు చూసినా ఊపిరి బిగబడుతుంది.

ఇక్కడ నా వృత్తి గురించి కొంచెం చెప్పుకోనివ్వండి, ఎందుకంటే ఇది తెలియకపోతే ఆ ఓడ ముందు నిలబడ్డా సగమే చూసినట్టు. శతాబ్దాలు నానిన ఓక్ కొయ్య చూడటానికి గట్టిగా ఉంటుంది. లోపల మాత్రం దాని కణాల గోడలు సన్నబడిపోయి ఉంటాయి. ఆ కణాలను నిలబెట్టి ఉంచేది వాటిలో నిండిన నీరే. నీరు ఆవిరైపోతే గోడలు లోపలికి కూలిపోతాయి. ఒకసారి మా ప్రయోగశాలలో అరచేయంత తడి ఓక్ ముక్క ఒకటి శుక్రవారం సాయంత్రం బల్ల మీద ఉండిపోయింది. సోమవారం ఉదయానికి అది సగానికి కుంచించుకుపోయి, ఎండిన చింతతొక్కులా మెలితిరిగి, వేలితో నొక్కితే పొడిపొడి అయింది. ఎవరూ దాన్ని మళ్లీ మామూలుగా చేయలేకపోయారు. ఓడ మొత్తానికి అలా జరిగి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి.

అందుకే పైకి తెచ్చిన రోజు నుంచీ 1994 దాకా ఆ ఓడ మీద చల్లని మంచినీళ్లు చిలకరిస్తూనే ఉన్నారు. తర్వాత 2013 దాకా, అంటే మరో పందొమ్మిదేళ్లు, పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని నీటిలో కలిపి చిలకరించారు. అది మెల్లగా కణాల్లోకి చేరి నీటి స్థానాన్ని ఆక్రమిస్తుంది. మొదట చిన్న అణువులున్నది లోపలికి పోయేలా, తర్వాత పెద్ద అణువులున్నది పైపొరను గట్టిపరిచేలా వాడారు. ఆ తర్వాత గొట్టాల ద్వారా గాలి పంపి ఆరబెట్టారు. మ్యూజియం 2013లోనే తెరుచుకున్నా అప్పుడు చిన్న కిటికీల్లోంచి, గొట్టాల మధ్య నుంచి చూడాల్సి వచ్చేది. 2016 జూలైలో గొట్టాలు తీసేశాక ఇప్పుడున్న నిండు దృశ్యం వచ్చింది. ఆ కొయ్యలో చేరిన గంధకం, కరిగిన ఇనుముతో కలిసి ఆమ్లంగా మారే ప్రమాదం ఇంకా ఉంది. లోపల గాలి, తేమ, వెలుతురు అంత కట్టుదిట్టంగా ఉంచడానికి కారణం అదే. వెలుతురు సరిగా లేదని కొందరు విసుక్కోవడం విన్నాను. కళ్లకు పది నిమిషాలు వ్యవధి ఇవ్వండి, అన్నీ కనిపిస్తాయి. ఫోను ఫ్లాష్ మాత్రం ఆపి ఉంచండి.

పై అంతస్తులో ఒకదాని తర్వాత ఒకటి మూసుకునే రెండు తలుపుల గుండా ఓడ ఉన్న గదిలోకే వెళ్తారు. అక్కడ మీకూ ఓడకూ మధ్య అద్దం ఉండదు, ఒకే గాలి. ఉండుండి దీపాలు తగ్గి ఓడ మీద మనుషుల బొమ్మలు పడతాయి. ఒకడు మెట్లెక్కుతుంటాడు, ఇంకొకడు బరువు మోస్తుంటాడు. అప్పటికి మీరు ఎంచుకున్న మనిషి ఏ మూల పనిచేసేవాడో మీకు తెలిసి ఉంటుంది. ఒక్కసారి చూసి వచ్చేయకండి, బొమ్మలు మళ్లీ వచ్చేదాకా ఆగండి. మామగారిని అక్కడ కూర్చోబెట్టి మీరు పిల్లలతో కింది అంతస్తుకు వెళ్లి మళ్లీ రావచ్చు. అంతస్తుల మధ్య లిఫ్టు ఉంది, మెట్లెక్కే పని లేదు. అయితే మొత్తం నడక తక్కువేమీ కాదు, మామగారికి కర్ర అలవాటుంటే తెచ్చుకోమనండి.

వంటవాణ్ణి ఎవరు ఎంచుకుంటారో గానీ వాళ్లు అదృష్టవంతులు. ఓడ అడుగున ఇటుకలతో కట్టిన పొయ్యిలు, వాటి మీద రెండు పెద్ద కాగులు ఉండేవి. కొయ్య ఓడలో, అంతమందికి వంట, అడుగున నిప్పు. ఒక కొయ్య గిన్నె మీద ‘నై కోప్ కుక్’ అని గీసిన అక్షరాలు ఉన్నాయి. అది వంటవాడు తన గిన్నె మీద గీసుకున్న పేరని భావిస్తారు. చేయి తిరిగిన రాత కాదది, ముల్లు లాంటి మొనతో గీసిన వంకరటింకర గీతలు. ఎవరైనా తీసుకుపోతారేమోనని గిన్నె మీద పేరు వేసుకోవడం మనకు బాగా తెలిసిన పనే కదా. రాజు పేరు, నాయకుడి పేరు చరిత్ర రాసిపెట్టింది, ఇతని పేరు ఇతనే రాసుకున్నాడు.

వైద్యుడి పెట్టెలో 64 వస్తువులు దొరికాయి. మందుల జాడీలు, పిచికారీ, అలుగులు కరిగిపోయిన క్షురకత్తుల పిడులు, అతని మఖమలు టోపీ. పెద్దవాళ్లకు ఇది బాగా నచ్చుతుంది. అంగచ్ఛేదన పరికరాల గురించి రాసిన పలకలు బాబుకు చదివి వినిపించనక్కర్లేదు.

చిన్న వస్తువుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పేల దువ్వెన, మనం ఈర్పెన అనేదే. ఎనభైకి పైగా దొరికాయి. గట్టి కొయ్యతో చేసినవి, ఒక వైపు పళ్లు దూరంగా, రెండో వైపు దట్టంగా. కొన్నింటి పళ్ల సందుల్లో పేలు కూడా అలాగే మిగిలి ఉన్నాయి. యుద్ధానికి బయల్దేరిన ఓడలో, ఎవరో ఒకరు ఆ పొద్దున తల దువ్వుకుని ఆ దువ్వెనను పక్కన పెట్టారు. మా అమ్మ మొన్నొచ్చినప్పుడు అద్దానికి ముఖం ఆనించి చూసి, “మన ఈర్పెన లాగే ఉందిరా” అంది. ఆ తర్వాత ఆమె ప్రతి అద్దం దగ్గరా ఆగింది.

మామగారికి రెండు వస్తువులు తప్పకుండా చూపించండి. ఒకటి జపమాలలు. హెన్రీ రోము చర్చితో తెగతెంపులు చేసుకున్నాక వాటి వాడకాన్ని ప్రభుత్వం నిరుత్సాహపరిచింది. అయినా రాజు ఓడలోనే, మనుషుల దగ్గర అవి దొరికాయి. రెండోది మిరియాలు. నల్లటి గింజలు, ఇంటి పోపుడబ్బాలో ఉన్నట్టే. ఆ కాలంలో ఐరోపాకు చేరే మిరియాల్లో చాలా భాగం మన పడమటి తీరం నుంచి వెళ్లినవే. అంత దూరం ప్రయాణించిన గింజలు ఒక నావికుడి సామానులో ఉండి, సోలెంట్ ఒండ్రులో నిద్రపోయి, ఇప్పుడు మన కంటికి కనిపిస్తున్నాయి.

ఆ ఓడలో అందరూ ఇంగ్లండ్ వాళ్లే అనుకోవద్దని పిల్లలకు చెప్పండి. చిన్నప్పుడు తాగిన నీటి రసాయన గుర్తు పళ్లలో ఉండిపోతుంది. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో ఎనిమిది మంది పళ్లను పరీక్షించి, వారిలో ముగ్గురు బ్రిటన్‌ కన్నా వెచ్చని దక్షిణ ప్రాంతాల్లో పెరిగి ఉండవచ్చని తేల్చారు. పేరు తెలియని ఒక నావికుణ్ణి 1984లో పోర్ట్స్‌మౌత్ కెథడ్రల్‌లో సమాధి చేశారు. వీలుంటే సాయంత్రం అక్కడికి కూడా వెళ్లండి.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. లండన్ వాటర్లూ నుంచి పోర్ట్స్‌మౌత్ హార్బర్ స్టేషనుకు రైలు, గంటన్నర నుంచి రెండు గంటలు. స్టేషను దిగితే చారిత్రక నౌకాశ్రయం ద్వారం నడిచి వెళ్లేంత దగ్గర. టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, ఏ టికెట్టులో ఏ ఓడలు కలిసి వస్తాయో అప్పుడే చూసుకోండి. పొద్దున తెరవగానే మొదట మేరీ రోజ్‌కే వెళ్లండి, మధ్యాహ్నానికి బడి పిల్లల గుంపులు చేరతాయి. పక్క డాక్‌లోనే ఉన్న విక్టరీ అనే పాత యుద్ధనౌకకు 2022 నుంచి పెద్ద మరమ్మతు జరుగుతోంది, ఆ పని కూడా చూడదగ్గదే. వారియర్ 1860 నాటి ఇనుప ఓడ, పైన తిరగడానికి బాగుంటుంది. ఒక్క రోజులో మూడూ నిండుగా చూడాలని మాత్రం అనుకోవద్దు. మామగారి మోకాళ్ల సంగతి ఆలోచిస్తే, మేరీ రోజ్‌తో పాటు ఇంకొక్కటి చాలు. విక్టరీ లోపలి మెట్లు నిటారుగా ఉంటాయి, పైకప్పులు తక్కువ ఎత్తు. ఆయన బయటే కూర్చుని చూస్తే మేలు.

వెళ్లే ముందు రాత్రి తలా ఒక మనిషిని ఎంచుకోవడం మరవకండి. బాబుకు హ్యాచ్‌నే ఇచ్చేయండి, అది కూడా ఆ ఓడ మనిషే. వచ్చే దారిలో ఓడ కంచు గంట కనిపిస్తుంది. దాని మీద ఫ్లెమిష్ భాషలో ‘నన్ను 1510వ సంవత్సరంలో పోతపోశారు’ అని రాసి ఉంటుంది. 1982లో ఎత్తేముందు సముద్రం నుంచి తెచ్చిన చివరి వస్తువుల్లో అదొకటి. తిరిగి వచ్చాక ఎవరెవరు ఎవరిని ఎంచుకున్నారో, ఏం కనిపించిందో ఇక్కడే రాయండి, చదవాలని ఉంది.